చీటీలో తొమ్మిది పాయింట్ ఎనిమిది

కామారెడ్డి,
19 జనవరి 2025.

పెద్దబాపుకు, పెద్దవ్వకు జ్యోతి వందనాలు.

ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ ఈల వేస్తుంది. పెద్దవ్వ మధ్యలో నిలబడి నా మాటలు నీకు అరిచి చెప్పేసరికి సగం వంటింట్లోనే ఉండిపోతాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పెద్దవ్వ చెల్లెలి కొడుకు సుందర్ ఎల్లారెడ్డి బస్సు మీదే కండక్టర్ కాబట్టి, పొద్దున వాడి చేతికిస్తే మధ్యాహ్నానికి నీకు అందుతుంది. ఆ తమ్ముడు ఇందుకైనా పనికి రావాలి కదా.

నీ తమ్ముడి బిడ్డ జూన్‌లో ఇక్కడి ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిందని ఊరంతా చెప్పుకున్నావట. ఇంక చెప్పకు. ఈ ల్యాబ్ సంగతి విను. ఇంటర్ రెండో సంవత్సరంలో యాభై తొమ్మిది మంది పిల్లలుంటే బ్యూరెట్లు రెండే. అందులో ఒకదాని కుళాయి కారుతుందని దారం చుట్టారు. సింకులో హాస్టల్ వాళ్ళు సాంబారు గిన్నెలు కడుగుతారు. మొన్న పిప్పెట్ ఎత్తితే దాని మొనలో కరివేపాకు ముక్క ఉంది.

శుక్రవారం సార్థక అంకెల పాఠం చెప్పాను. బ్యూరెట్ మీద చిన్న గీత విలువ పాయింట్ ఒకటి మిల్లీలీటరు. రెండు గీతల మధ్య నీళ్ళు ఎక్కడున్నాయో కంటితో అంచనా వేసి ఇంకొక్క అంకె రాయవచ్చు. ఆ చివరిది అంచనా, దాని ముందున్నవి నిజం, దాని తర్వాత ఏది రాసినా అబద్ధం. ఇదే కదా నువ్వు నాకు నేర్పింది? తెల్లారి నోట్సులు చూస్తే, నిరుటి రికార్డులోని రీడింగ్‌తో అందరూ కట్టిన గాఢత 0.020408163. ఒక్క చుక్క ఎక్కువ పడితేనే పాయింట్ సున్నా ఐదు తేడా వస్తుంది, పాయింట్ తర్వాత తొమ్మిది అంకెలు ఎక్కడి నుంచి తెచ్చావురా అని ఒకణ్ణి అడిగాను. "మిషన్‌ల వచ్చింది మేడం" అని క్యాలిక్యులేటర్ చూపించాడు.

ఒక్క పిల్ల మాత్రం ఆ పాఠం పట్టుకుంది. పేరు అనిల, బిచ్కుంద నుంచి వచ్చింది. తండ్రి సోయా చేలల్లో కూలి. ఒక్కసారి ఫెయిలైనా చదువు బంద్ చేసి తనతో పనికి రావాలని చెప్పి మరీ పంపాడట. ఆ పిల్ల బ్యూరెట్ ముందు స్టూలు వేసుకుని, కన్ను గీతకు సమానంగా పెట్టి చదువుతుంది. ఆమెను చూస్తే నాకు నా ఇంటర్ రోజులు గుర్తుకొస్తాయి.

ఇంకో రోత ఉంది. పరీక్ష దగ్గరికొస్తోంది, ప్రాక్టీస్ చేయిద్దాం అంటే మా అటెండర్ నవ్వాడు. "మీరెందుకు పరేషాన్ అయితున్రు మేడం? సీస వస్తది, సీసతోని చీటీ వస్తది. పోరగాండ్లు చీటీల ఉన్నది రాస్తరు, అయిపోతది" అన్నాడు. ఎవడో ద్రావణాలు చేసి కాలేజీలకు అమ్ముతాడట, రీడింగ్ ఎంత రావాలో చీటీ మీద రాసి పంపుతాడట. వాడెవడో గానీ వాడి చేతికి పురుగులు పట్టాలి. నువ్వు ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కాలేజీ ల్యాబ్‌లో గాజుపెట్టె త్రాసు ముందు ఊపిరి బిగబట్టి తూచినవాడివి. నీకు ఇది రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఇంతకీ, పిల్లల చేత రెండో అంకె రాయించాలా, ఒకదానితో ఆపించాలా? నువ్వు చెప్పినట్టే చేస్తాను. పెద్దవ్వ మోకాళ్ళకు నూనె మానవద్దని చెప్పు.

నీ బిడ్డ,
కృపాజ్యోతి

*

ఎల్లారెడ్డి,
22 జనవరి 2025.

బిడ్డ జ్యోతికి పెద్దబాపు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. సుందర్ దాన్ని టికెట్ల సంచిలో మడిచి తెచ్చాడు, మూలలన్నీ నలిగిపోయాయి. వాడికి ఏ వస్తువు మీదా గౌరవం లేదు.

కాలేజీ గురించి రాశావు. లోకమంతా అలాగే ఉంది. ఆదివారం ప్రార్థన అయ్యాక మటన్ దుకాణానికి పోయాను. ఇప్పుడు వాడూ ఎర్ర అంకెల కాటా పెట్టాడు. ఒకటి పాయింట్ సున్నా సున్నా సున్నా అని వెలుగుతోంది. వాడి వేలేమో పళ్ళెం అంచు మీద ఉంది. ఆ మూడు సున్నాలూ వాడి వేలివే. "వేలు తియ్యిరా" అంటే "పెద్దమనిషివి, నీకు కనబడ్తలేదు" అన్నాడు. ఇంటికొచ్చి పెద్దవ్వతో చెబితే, ఆమె బొక్కలు ఎక్కువ తెచ్చానని నన్నే తిట్టింది.

రెండో అంకె రాయించు. బ్యూరెట్ పాయింట్ ఒకటి దగ్గర ఆగుతుంది గానీ కన్ను ఆగదు. కానీ పర్మాంగనేట్ పోసినప్పుడు నీళ్ళు ముదురు రంగులో ఉంటాయి, అడుగు అంచు కనబడదు, పై అంచు చదవాలి. ఈ సంగతి చెప్పావా? చెప్పి ఉండవు. ఇప్పటి లెక్చరర్లకు పుస్తకం తెలుసు, బ్యూరెట్ తెలియదు.

సీసాల సంగతి నీకెందుకు? రెండు బ్యూరెట్లతో అంతమంది మూడు గంటల్లో పరీక్ష ఎలా రాస్తారో ముందు చెప్పు. బ్యూరెట్లు కొనని వాళ్ళను వదిలేసి సీసా పంపినవాణ్ణి తిడతావా? ఎవరి చేతికి పురుగులు పట్టాలో అంత తొందరగా రాయకు. ఆ చేయి ఎన్నేళ్ళు యాసిడ్‌లో నానిందో నీకేం తెలుసు. నీకెవరైనా ఏమైనా చెప్పి ఉంటే సూటిగా రాయి.

పెద్దవ్వ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నన్ను తరమడానికి సరిపోతున్నాయి.

ఏసయ్య

*

కామారెడ్డి,
27 జనవరి 2025.

పెద్దబాపుకు వందనాలు.

నీకు కోపం వచ్చింది. ఎందుకో నాకు అర్థమైంది. ల్యాబ్‌లో బతుకు గడిపిన వాళ్ళందరినీ కలిపి తిట్టాననుకున్నావు. తప్పైంది, క్షమించు. నా కోపం అటెండర్ల మీద కాదు, ఆ ఒక్కడి మీదే.

పై అంచు సంగతి నిజంగానే చెప్పలేదు. ఇవాళ చెప్పాను. "ముందుగల్ల ఎందుకు చెప్పలేదు మేడం, నేను కింది అంచు సదువవట్టి నెల రోజులాయె" అని అనిల నన్నే నిలదీసింది. పుస్తకాల లెక్చరర్నని నువ్వన్నది తగిలింది.

అసలు సంగతి విను. సీసాలు శనివారం వచ్చాయి. ఎక్కడి నుంచి అనుకున్నావు? మన ఎల్లారెడ్డి నుంచే! మన సుందర్ బస్సులోనే! అట్టపెట్టెలో గడ్డి వేసి, అయిదు లీటర్ల ఊదారంగు పర్మాంగనేట్ డబ్బా ఒకటి, దానితో కొలవాల్సిన మోర్ సాల్ట్ ద్రావణం డబ్బా ఒకటి, మీద టైపు చేసిన కాగితాలు, మూతకు రబ్బరు బ్యాండుతో చీటీ. చీటీలో "9.8" అని తప్ప ఇంకేమీ లేదు. తొమ్మిది పాయింట్ ఎనిమిది తర్వాత ఏమొచ్చిందో కూడా చూడని దరిద్రుడు వాడు. సుందర్‌ను పట్టుకుని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ "నాకేమెరుక అక్కా, డబ్బ ఇచ్చిన్రు, తెచ్చిన" అన్నాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ వీడు మన ఊరిదొంగే కదా. ఎల్లారెడ్డిలో బ్యూరెట్ పట్టడం తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నీకు తెలియకుండా ఉండడు. పేరు కనుక్కుని రాయి, మిగతాది నేను చూసుకుంటాను.

నీ బిడ్డ,
జ్యోతి

*

ఎల్లారెడ్డి,
30 జనవరి 2025.

జ్యోతికి,

నా నోటితోనే పేరు చెప్పించాలని చూస్తున్నావు. నేనేమీ చిన్నపిల్లవాణ్ణి కాను, నీ ఎత్తు నాకు తెలుస్తుంది. చెప్పను.

ఆ మనిషి నా ల్యాబ్‌లోనే బతుకంతా గడిపాడు. ఆయనకూ ఒక ఇల్లుంది, బజారులో నడవాల్సిన ముఖం ఉంది. రిటైరయ్యాక పొద్దుపోక ఒక పని పెట్టుకున్నాడు. అంతకు మించి ఆయనను అసహ్యించుకునేంత ఏం చేశాడు? చీటీలు ఈ ఏడాది పుట్టినవి కావు.

నీ పాఠం నువ్వు చెప్పుకో. ఇక సీసాల ఊసెత్తి నాకు ఉత్తరం రాయకు.

ఏసయ్య

*

కామారెడ్డి,
11 ఫిబ్రవరి 2025.

పెద్దబాపుకు వందనాలు.

రాయవద్దన్నావు. రాయక తప్పడం లేదు. కోపం తర్వాత పడుదువు గానీ, ఇది చివరిదాకా చదువు.

నిన్న ప్రాక్టికల్ పరీక్ష అయింది. బయటి నుంచి వచ్చిన సార్ పొద్దున్నే చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. మా అటెండర్ బల్లల మధ్య తిరుగుతూ పాన్ నములుతున్నట్టు "తొమ్మిది ఎనిమిది, తొమ్మిది ఎనిమిది" అంటూ పోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు మూసుకుని ఉన్నానన్నది కూడా రాస్తున్నాను, దాచను. యాభై ఎనిమిది మంది బ్యూరెట్ ముట్టకుండానే 9.8, 9.8, 9.8 అని మూడుసార్లు రాశారు. కింద 0.020408163 అని తొమ్మిది అంకెలు దించారు.

అనిల ఒక్కతే చేసింది. ఆ దారం చుట్టిన బ్యూరెట్‌తోనే మూడుసార్లు చేసింది. 10.35, 10.40, 10.35. లెక్క కట్టి 0.0193 దగ్గర ఆపింది. ఆ కొలతకు అంతకన్నా అంకెలు రావు కాబట్టి ఆపింది.

ఆ సార్ ఆమె కాగితం రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "అందరికి తొమ్మిది అంకెలొస్తే నువ్వు నాలుగంకెల కాడనే ఆగిపోయినవ్. లెక్కలు రావా?" అన్నాడు. తర్వాత రీడింగులు చూసి, "గివి యాడికెల్లి తెచ్చినవ్?" అని అడిగాడు. ఆమె "నాకు గదే కనబడ్డది సార్. కనబడంది ఎట్ల రాయాలె?" అంది. కాగితం మీద ఎర్ర సిరాతో 'రీడింగులు కల్పితం' అని రాసి ముప్పైకి ఆరు వేశాడు. కల్పించని ఒక్క పిల్లకు ఆ మాట రాశాడు పెద్దబాపూ. ఆరంటే ఫెయిలు.

అందరూ పోయాక మిగిలిన ద్రావణంతో నేను చేసి చూశాను. 10.35. మళ్ళీ 10.35. చీటీ తప్పు. పర్మాంగనేట్ తక్కువ పడింది, అందుకే ఎక్కువ పోయాల్సి వస్తోంది. ఆ సార్‌కూ, ప్రిన్సిపాల్‌కూ చూపిస్తానంటే రానన్నారు. "మీరు ఆ పిల్ల మేడం, మీరట్లనే అంటరు. సీస చేసినాయన వచ్చి, చీటీ తప్పని రాసియ్యాలె. అప్పుడు చూద్దాం" అన్నాడు ప్రిన్సిపాల్. మార్కుల జాబితా శనివారం పైకి పోతుంది. ఆ తర్వాత ఏమీ చేయలేం. అనిల ఇంకా తండ్రికి చెప్పలేదు.

నీ ల్యాబ్‌లోనే బతుకంతా గడిపి రిటైరయ్యాడని రాశావు కదా, నీ తర్వాత ఆ ల్యాబ్‌లో ఉండి రిటైరైంది మహేందర్ బాబాయే. నువ్వు పేరు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. ప్రిన్సిపాల్‌కు ఆయన పేరే చెప్పాను. వెంటనే ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. బాబాయి ఫోన్ పెట్టేశాడట.

నువ్వు ఈ పూటే మహేందర్ బాబాయి ఇంటికి పోయి కూర్చో. ఆయన రాసిచ్చేదాకా లేవకు. ఒక పిల్ల చదువు ఆ ఒక్క కాగితం మీద ఉంది.

జ్యోతి

*

ఎల్లారెడ్డి,
12 ఫిబ్రవరి 2025.

బిడ్డా,

మహేందర్ ఇంటికి నేను పోనక్కర లేకపోయింది. పొద్దున వాడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఏసన్నా, నేను సీసలు ముట్టక ఆరేండ్లాయె. కామారెడ్డి నుంచి ఫోన్ చేసి దొంగ అన్నరు. నీ తమ్ముని బిడ్డ నా పేరెందుకు పెట్టింది?" అన్నాడు. నాకు వినబడలేదనుకుని రెండోసారి ఇంకా గట్టిగా అడిగాడు. మొదటిసారే వినబడింది. గుమ్మంలో నిలబడ్డ పెద్దవ్వ నా ముఖం చూసి, "సీసలు మావే మహేందర్. ఎనుక రేకుల అర్రల ఈయనే చేస్తడు" అనేసింది.

ఆ చేయి నాదే జ్యోతీ. పురుగులు పట్టాలని నువ్వు రాసిన చేయి.

నీకు తెలుసనే అనుకున్నాను. మొదటి ఉత్తరం నుంచీ, తెలిసే మూతి తిప్పుతూ పొడుస్తున్నావనుకున్నాను. పేరు కనుక్కుని రాయమంటే నన్ను ఆడిస్తున్నావనుకున్నాను. ఆ మనిషి, ఆయన అని నేను రాసింది నా గురించే. నీకు నిజంగా తెలియదని నిన్నటి ఉత్తరంతో గానీ నాకు తెలియలేదు.

మొదలెలా పెట్టానంటే, రిటైరైన ఏడాది ఒక కాలేజీ ప్రిన్సిపాల్ ఇంటికి వచ్చి "ఏసయ్య సార్, ఈ ఒక్కసారి మాకు ద్రావణాలు చేసియ్యాలె" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు "ఏయ్ ఏసయ్యా, నీళ్ళు తే" అన్నవాళ్ళే. సార్ అన్న మాటకు పడిపోయాను. ఇప్పుడు ఏడు కాలేజీలు నన్ను సార్ అంటున్నాయి. చీటీ అడిగింది వాళ్ళే. మొదట్లో చేసి చూసి రాసేవాడిని.

రెండేళ్ళుగా కళ్ళకు పొర వచ్చింది. బ్యూరెట్ గీతలు కలిసిపోయి కనబడతాయి. అందుకని చేసి చూడటం మానేశాను. ఆరేళ్ళ కిందటి చీటీలో 9.8 ఉంది, ఈ రెండేళ్ళూ అదే రాస్తున్నాను. ఇంట్లో గాజుపెట్టె త్రాసు ఎక్కడిది? పిండి తూచే కాటా కొన్నాను, అది గ్రాము కన్నా చిన్నది చూపదు. పర్మాంగనేట్ పదహారు గ్రాములు వేయాలి, పదహారు అని పడింది. లోపల పదిహేను పైన ఎంతో కొంత ఉండి ఉంటుంది. ఆ కాటా చెప్పే పదహారును నమ్మి, దాని మీద తొమ్మిది పాయింట్ ఎనిమిది రాసి పంపాను. మటన్ వాడి వేలు చూసి నీకు అంత ఉత్తరం రాసినవాణ్ణి నేనే. నా మీద నాకే రోతగా ఉంది.

అయినా ఒక్కటి అడుగుతాను. నన్ను రాసివ్వమనకు. ఈ వయసులో ఆ ఏడు కాలేజీల ముందు, సంఘంలో పెద్దల ముందు తల ఎత్తలేను. మహేందర్ పేరు ఎలాగూ బయటికి వచ్చింది కదా. వాడు నా చేతి కింద పని నేర్చుకున్నవాడు. కాళ్ళు పట్టుకుని అడిగితే రాసిస్తాడు. ఆ పిల్లకు కావలసింది కాగితమే కదా, ఎవరి పేరుంటే ఏం?

పెద్దబాపు

*

కామారెడ్డి,
13 ఫిబ్రవరి 2025.

పెద్దబాపూ,

వందనాలు అని రాయడానికి చేయి రావడం లేదు.

నీ ఉత్తరం చివరి పేరా చదివి లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. సీసాలు నువ్వే చేశావన్నది కూడా మింగేదాన్నేమో. కళ్ళు కనబడవు, కాటా మంచిది కాదు, సార్ అంటే సంతోషం, అన్నీ మనిషికి ఉండేవే. కానీ చేయని తప్పును మహేందర్ బాబాయి చేత రాయించడానికి కాళ్ళు పట్టుకుంటావా? ఎవరి పేరుంటే ఏం అంటావా? చూడని అంకె రాసిన చేత్తోనే చేయని మనిషి పేరు రాయిస్తానంటున్నావు. ఛీ.

కంచే చేను మేసిందని ఊళ్ళో అంటే నేను నవ్వేదాన్ని. కొలత నాకు నేర్పింది నువ్వు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నీ ఉత్తరంలో పేరు లేకపోయినా, విచారించకుండా మహేందర్ బాబాయి పేరు చెప్పేశాను. నేనూ చూడకుండానే రాశాను. నిన్న ఆయనకు ఫోన్ చేసి క్షమించమన్నాను. "మంచిది బిడ్డా" అని పెట్టేశాడు. ప్రిన్సిపాల్‌కు ఆ పేరు తప్పని చెప్పాను. అసలు పేరు అడిగితే, తెలుసు గానీ ఆయనే వచ్చి చెప్పాలి అన్నాను. రేపూ ఎల్లుండీ నాకు బాన్సువాడలో పరీక్ష డ్యూటీ వేశారు. నేను ఇక్కడ ఉండను. జాబితా ఎల్లుండి పోతుంది. నీ ఇష్టం.

ఇంకొకటి అడగాలి. రాత్రి నుంచీ ఇదే నన్ను తొలుస్తోంది. 2011లో నా ఇంటర్ ప్రాక్టికల్ నీ ల్యాబ్‌లోనే జరిగింది. ఆ రోజు నా రీడింగ్ 12.35. ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. యాసిడ్ ఒలికించినందుకు రెండు పోయాయి, అయినా ఆ రెండో అంకె నా కన్ను చూసిందన్న గర్వంతోనే డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నాను, దాంతోనే ఇక్కడిదాకా వచ్చాను. ఆ రోజు నువ్వు నా బల్ల దగ్గరికి వచ్చి వంగి ఏదో అన్నావు. ఏమన్నావో గుర్తులేదు. అది నేను చూసిందా, నువ్వు నా చెవిలో వేసిందా? నా కన్ను నాదేనా, అదీ నీ చీటీయేనా? నిజం రాయి. ఏదైనా భరిస్తాను.

కృపాజ్యోతి

*

ఎల్లారెడ్డి,
15 ఫిబ్రవరి 2025.

బిడ్డ జ్యోతికి,

నిన్న కామారెడ్డికి వచ్చాను. నువ్వు బాన్సువాడలో ఉంటావని తెలిసే వచ్చాను. నీ ముఖం చూస్తూ చేసే ధైర్యం లేకపోయింది. ముందు రోజు మహేందర్ ఇంటికి పోయాను. కాగితం అడగలేదు, క్షమించమని అడిగి వచ్చాను. వాడు చాయ్ ఇప్పించాడు గానీ తాను తాగలేదు.

ప్రిన్సిపాల్ నన్ను చూసి "రండి ఏసయ్య సార్" అని కుర్చీ చూపించాడు. "సీసలు చేసినోణ్ణి నేనే. చీటీ తప్పు" అన్నాను. ఆ తర్వాత సార్ అనలేదు. బయటి నుంచి వచ్చిన సార్ కూడా ఉన్నాడు. మాటలు కాదు, చేసి చూపించమన్నాడు. అనిలను పిలిపించారు. సన్నగా, ఎండకు నల్లబడిన పిల్ల, ఎవరి వైపూ చూడకుండా నిలబడింది.

బ్యూరెట్ నేనే కడిగాను. ముందు నీళ్ళతో, తర్వాత ఆ ద్రావణంతోనే. చేతులు పని మరవలేదు. లేత గులాబీ రంగు తిరగడం నాకు కనబడింది. గీత మాత్రం కనబడలేదు. కొద్దిసేపు చూసినట్టు నటించాను, అది కూడా నీకు చెబుతున్నాను. తర్వాత "బిడ్డా, నాకు గీతలు ఆనుతలేవు. నువ్వు సదువు" అన్నాను. ఆ పిల్ల స్టూలు వేసుకుని, పై అంచుకు కన్ను పెట్టి చదివింది. 10.35. ఆ సార్ నమ్మక తానూ వంగి చూశాడు. రెండోసారి 10.40, మూడోసారి 10.35. "కండ్లు కనబడని మనిషి సీసలు చేసిండా?" అన్నాడు. "అవును సార్" అన్నాను.

కాగితం రాసిచ్చాను. ద్రావణం నేను చేశానని, గ్రాముకు తక్కువ చూపని కాటా మీద తూచానని, బ్యూరెట్‌లో పెట్టి చూడలేదని, చీటీలో ఉన్న 9.8 ఎవరూ కొలిచింది కాదని. రీడింగులు చదివింది అనిల అని రాసి, కింద నా పేరు పెట్టాను.

తర్వాత జరిగింది విను, నీకు ఇంకా రోత పుడుతుంది. "గిది నిజమైతే మిగిలిన యాభై ఎనిమిది మందికి సున్న వెయ్యాలె" అన్నాడు ఆ సార్. ప్రిన్సిపాల్ చెమటలు తుడుచుకుని, "ఆ పిల్లది ఒక్కటి దిద్దుండ్రి సార్, తక్కినయి అట్లనే పోనియ్యిండ్రి" అన్నాడు. 'కల్పితం' కొట్టేసి అనిలకు ఇరవై ఆరు వేశారు. బ్యూరెట్ ముట్టని వాళ్ళవి ముప్పైకి ముప్పై అలాగే ఉన్నాయి. నాలుగెందుకు తగ్గాయని అడిగితే "అందరితోని కలుస్తలేదు కదా" అన్నాడు. ఇక నేను గొడవ పడలేదు. గొడవ పడే మనిషిగా అక్కడికి పోలేదు.

అనిల పాసైంది, చదువు సాగుతుంది. నన్ను గేటు దాకా సాగనంపింది. "తాతా, నువ్వు చూడకుంటనే రాసినవా?" అని అడిగింది. అవునన్నాను. సెలవు తీసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది. నీ ఉత్తరాల్లో తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల అడిగిన ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

మిగతా ఆరు కాలేజీలకు సుందర్ చేత కబురు పంపాను, నా సీసాలు పారబోయండి, చీటీలు చింపేయండి అని. నాలుగింటి నుంచి జవాబు లేదు. ఒకటి తిట్టింది. ఇంకొకడు ఏమన్నాడో తెలుసా? "సీస లేకున్నా పర్వాలేదు, చీటీ ఒక్కటి పంపుమను" అన్నాడట. ఇన్నేళ్ళూ నేను అమ్మింది ద్రావణం అనుకున్నాను.

పెద్దవ్వ నాతో మాట్లాడటం లేదు. నా చెవులకు ఆ సంగతి తెలియడానికి రెండు రోజులు పట్టింది.

నువ్వడిగిన దానికి జవాబు. ముందే రాస్తే మిగతాది రాయలేకపోయేవాడిని. ఆ రోజు నీ బల్ల దగ్గరికి వచ్చి నీ చెవిలో చెప్పాను, నిజమే. చెప్పింది పన్నెండు పాయింట్ మూడు. మీ లెక్చరర్ సార్ అదే చెప్పమన్నాడు, అందరికీ అదే చెప్పాను. నువ్వు తల ఊపావు. సాయంత్రం కాగితాలు కట్ట కడుతుంటే చూశాను, అందరివీ 12.3, నీది ఒక్కదానిదే 12.35. నా మాట విని కూడా నీ కంటికి కనబడిందే రాశావు. అదే సరైనది. ముందు రోజు నేను చేసుకున్నప్పుడు నాకూ అంతే వచ్చింది. వచ్చిన సార్ నీ కాగితం చూసి, "ఈ పిల్లది కలుస్తలేదు" అని రెండు మార్కులు కొట్టేశాడు. ద్రావణం చేసినవాణ్ణి నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఇంటికి వచ్చి, యాసిడ్ ఒలికించినందుకే మార్కులు పోయాయా పెద్దబాపూ అని నువ్వు ఏడిస్తే, నీ తల నిమిరి, అవును బిడ్డా, అందుకే అన్నాను.

ఏసయ్య